యువ ఫాస్ట్ బౌలర్: విరామ కాలపు శిక్షణ

11.0 ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరువాత, ఎదిగే వయసులో ఉన్న ఫాస్ట్ బౌలర్‌కు ఆటలేని నెలల్లో ఏ పని ఎందుకు చేయించాలో మీరు వివరించగలగాలి. అతని నడుము ఎముకకు వచ్చే ప్రమాదాన్ని ముందుగా గుర్తించగలగాలి. బంతుల లెక్క రాసి, దాని ఆధారంగా ఒక నిర్ణయం తీసుకోగలగాలి. వెనుకటి పాఠాలలో కండరాల గురించి, గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం గురించి చదివారు. ఇక్కడ ముఖ్య విషయం ఎముక.

11.1 పరిచయం

ఏలూరులో నేను పాఠాలు చెబుతున్న రోజుల్లో పెదపాడు వైపు నుంచి సైకిల్ మీద వచ్చే ఒక కుర్రవాడు ఉండేవాడు. పదహారేళ్లు, సన్నటి మనిషి, పొడవైన చేతులు. అతడు పరుగెత్తి వచ్చి బంతి వేస్తుంటే పక్క నెట్‌లో ఆడేవాళ్లు ఆగి చూసేవారు. సంక్రాంతికి ఊళ్లో టెన్నిస్ బంతి టోర్నమెంటు, దాళ్వా కోతలయ్యాక వేసవిలో మరో రెండు మూడు, జూన్‌లో బడి తెరిచాక స్కూలు జట్టు, ఆ తరువాత జిల్లా ఎంపికలు, వీటి మధ్య ప్రతి ఆదివారం క్లబ్బు మ్యాచ్. ఏడాదిలో అతడు బంతి పట్టని నెల ఒక్కటి కూడా లేదు. ఒక ఆగస్టులో నడుము పట్టిందన్నాడు. ఇంట్లో నాయనమ్మ ఆముదం రాసి కాపడం పెట్టింది. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనపడలేదు. మళ్లీ బౌలింగ్ చేశాడు. అక్టోబరు నాటికి వంగి చెప్పుల పట్టీ పెట్టుకోలేకపోయాడు. చివరకు స్కాన్‌లో నడుము వెన్నుపూసకు పగులు కనిపించింది. ఆ కుర్రవాడు తరువాత బ్యాటింగ్ చేశాడు కానీ ఆ వేగంతో మళ్లీ బంతి వేయలేదు. అతని వేగం చూసి చప్పట్లు కొట్టి, ఇంకో ఓవర్ వెయ్యమన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎన్ని బంతులు వేశాడని అడిగినవాళ్లలో మాత్రం లేను.

ఇలాంటి నష్టాన్ని చాలావరకు తగ్గించవచ్చు. అందుకు ఆటలేని నెలలే అవకాశం. మీలో కొందరు వ్యాయామోపాధ్యాయులు, కొందరు క్లబ్బు నడిపేవారు, కొందరు అటువంటి పిల్లవాడి తల్లిదండ్రులు అయి ఉండవచ్చు. ఈ పాఠాన్ని పరీక్ష కోసమే కాక, ఆ పని కోసం కూడా చదవండి.

11.2 నడుములో ఏం జరుగుతుంది?

ఫాస్ట్ బౌలర్ చివరి అడుగు వేసి ముందుకాలు నేలమీద మోపినప్పుడు, సెకనులో అతి స్వల్ప భాగంలో, నేల అతని శరీర బరువుకు సుమారు అయిదు నుంచి ఏడు రెట్ల బలంతో తిరిగి తోస్తుంది. అరవై కిలోల పిల్లవాడికి ఇది మూడు వందల కిలోలు దాటిన బరువుతో సమానం. అదే క్షణంలో అతని నడుము వెనక్కి వంగి, ఒక పక్కకు ఒరిగి, మెలి తిరుగుతూ ఉంటుంది. ఈ మూడు కదలికలు కలిసే చోట, వెన్నుపూస వెనుక భాగంలో ఒక సన్నని ఎముక వంతెన ఉంది. ఒత్తిడి దానిమీద పడుతుంది. కుడిచేతి బౌలర్‌కు సాధారణంగా ఎడమ పక్క, ఎడమచేతి బౌలర్‌కు కుడి పక్క పగులు రావడానికి కారణం ఇదే. దీనినే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. కిందపడితే విరిగే ఎముక వేరు, ఇది వేరు. ఒక తీగను పదే పదే అటూ ఇటూ వంచితే ఒకచోట నలిగి తెగినట్లు, చిన్న చిన్న నలుగుళ్లు పోగుపడి ఎముక పగులుతుంది.

ఎముక రాయి కాదు, సజీవ కణజాలం. ఒత్తిడి పడిన చోట పాత ఎముకను కొన్ని కణాలు తొలిచివేస్తాయి, మరికొన్ని కణాలు కొత్త ఎముకను కడతాయి. తొలిచే పని వారాల్లో అయిపోతుంది. కట్టే పనికి నెలలు పడుతుంది. ఈ రెండింటి మధ్య వ్యవధిలో ఆ భాగం మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే బౌలింగ్ పెంచితే కొత్త గోడ ఆరకముందే దానిమీద కప్పు వేసినట్లవుతుంది.

ఇక్కడే చాలామంది శిక్షకులు పొరపడతారు. మూడు నాలుగు వారాలు పరుగెత్తిస్తే పిల్లవాడికి ఆయాసం తగ్గుతుంది. ఆరు వారాలు వ్యాయామం చేయిస్తే తొడలు గట్టిపడతాయి. కుర్రవాడు తయారైనట్లే కనిపిస్తాడు, తానూ అలాగే అనుకుంటాడు. ఎముక మాత్రం ఇంకా సగం దారిలో ఉంటుంది. పైగా పదహారు, పదిహేడేళ్ల వయసులో నడుము ఎముకకు పూర్తి గట్టితనం ఇంకా రాదు, అందుకు ఇరవైలలోకి అడుగుపెట్టాలి.

ఈ ప్రమాదం ఎంత సాధారణమో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఫోస్టర్, ఇలియట్ తదితరులు 1989లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది. 82 మంది యువ ఫాస్ట్ బౌలర్లను వారు ఒక సీజన్ పాటు గమనించారు. ఆ ఒక్క సీజన్‌లోనే 11 శాతం మందికి వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. ఎక్కువగా బౌలింగ్ చేసినవారిలో నడుము గాయాలు ఎక్కువగా కనిపించాయి. తరువాత ఇలియట్ బృందం బౌలింగ్ శైలిని పరిశీలించి, తుంటి ఒక దిక్కుకు, భుజాలు మరొక దిక్కుకు తిరిగే మిశ్రమ శైలి నడుముకు ఎక్కువ హాని చేస్తుందని చూపింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కుడిచేతి వాటం ఫాస్ట్ బౌలర్‌కు నడుములో ఎడమ పక్కన నొప్పి వస్తే శిక్షకుడు దానిని కండరం పట్టడంగా కొట్టివేయకూడదు. ఎందుకో మూడు వాక్యాలలో రాయండి.

11.3 లిల్లీ కథ

పెద్ద బౌలర్లకు ఇది రాదా అంటే వస్తుంది. జస్‌ప్రీత్ బుమ్రాకు 2019లో నడుము కింది భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. 2022లో నడుము గాయం వల్లనే టీ20 ప్రపంచకప్‌కు దూరమయ్యాడు. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో శస్త్రచికిత్స చేయించుకొని, ఆగస్టులో ఐర్లాండ్ పర్యటనతో తిరిగివచ్చాడు.

మన పాఠానికి ఎక్కువగా పనికివచ్చేది మాత్రం డెన్నిస్ లిల్లీ ఉదాహరణ. 1973 వెస్టిండీస్ పర్యటనలో ఆయన వెన్నుపూసలు పగిలాయి. అప్పటికి ఆయన వయసు 23. నడుముకు ప్లాస్టర్ కట్టు వేసుకొని వారాల తరబడి ఉన్నాడు. బౌలర్‌గా ఆయన కథ ముగిసిందని అనుకున్నవారు చాలామంది. అప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య బోధించే ఫ్రాంక్ పైక్ ఆయన బాధ్యత తీసుకున్నాడు. తొందరపడి బంతి చేతికివ్వలేదు. ముందు శరీరాన్ని కొలిచాడు, నడుము చుట్టూ ఉన్న కండరాలను బలపరిచాడు, పరుగును క్రమంగా పెంచాడు, చివరకు బౌలింగ్‌కు తెచ్చాడు. లిల్లీ తన శైలినీ సవరించుకున్నాడు. 1974-75 యాషెస్‌లో ఆయన 25 వికెట్లు తీశాడు. ఆ తరువాత దాదాపు పదేళ్లు ఆడాడు.

ఆ లిల్లీనే 1987లో చెన్నైలో ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌కు గురువుగా వచ్చాడు. అక్కడ శిక్షణ పొందినవారిలో జవగళ్ శ్రీనాథ్, జహీర్ ఖాన్ ఉన్నారు. ఫాస్ట్ బౌలర్‌కు వ్యాయామశాల అవసరమన్న మాట మన దక్షిణాదిలో పాతుకుపోవడంలో ఆ సంస్థ పాత్ర పెద్దది. ఒక క్రీడాకారుణ్ణి నిలబెట్టింది ఒక అధ్యాపకుడి కొలతల పుస్తకం అన్న సంగతి, వృత్తిరీత్యా, నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

11.4 టెన్నిస్ బంతి లెక్కలోకి వస్తుందా?

గోదావరి డెల్టాలో, కొల్లేటి పల్లెల్లో ఈ ప్రశ్న చాలా ముఖ్యం. పిల్లలు వేసే బంతుల్లో సగానికి పైగా టెన్నిస్ బంతులే. "అది ఆటే కాదు సార్, సరదాకి" అంటారు. క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది, టెన్నిస్ బంతి అంతకంటే చాలా తేలిక. భుజానికి ఈ తేడా తెలుస్తుంది. నడుముకు తెలియదు. ముందుకాలు నేలమీద పడే వేగం, శరీరం బరువు, నడుము మెలిక ఏవీ బంతితో మారవు. పైగా టెన్నిస్ బంతి ఆట తరచుగా సిమెంటు పిచ్ మీద, ఎండిన గట్టి నేల మీద, స్పైక్‌లు లేని మామూలు బూట్లతో, ఒక్కోసారి ఒట్టి కాళ్లతో సాగుతుంది. తేలిక బంతితో వేగం రావాలంటే ఒళ్లు ఇంకా విసరాలి. కాబట్టి టెన్నిస్ బంతి కూడా లెక్కలోకి రావలసిందే.

ఇక్కడ మహమ్మద్ సిరాజ్ పేరు తప్పకుండా వస్తుంది. హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్ కొడుకు, టెన్నిస్ బంతితో పెరిగి, 2015లో హైదరాబాద్ తరఫున రంజీలో అడుగుపెట్టాడు. 2016-17 రంజీ సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. 2025 వేసవిలో ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో 6 పరుగుల తేడాతో గెలిపించిన చివరి బంతి కూడా అతనిదే. మన కుర్రవాళ్లు ఈ కథ నుంచి తీసుకునే నీతి, "సిరాజ్‌కు కోచింగ్ లేదు, మనకెందుకు?" అని. కథలోని రెండో సగాన్ని వారు చదవరు. 185 ఓవర్లు మోసిన ఒళ్లు టెన్నిస్ బంతి టోర్నమెంటులో తయారైనది కాదు. ఏళ్ల తరబడి రాష్ట్ర జట్టులో, జాతీయ జట్టులో శిక్షకుల నీడలో క్రమంగా పెరిగిన భారం దాని వెనుక ఉంది.

11.5 మన విరామ కాలం ఎప్పుడు?

దేశవాళీ క్రికెట్ సీజన్ సుమారు అక్టోబరు నుంచి మార్చి వరకు నడుస్తుంది. విదేశీ పుస్తకాలు చలికాలాన్ని విరామంగా చూపుతాయి. పెదపాడులో చలికాలమే అసలు ఆట. మనకు విరామం ఇచ్చేది వాన. జూన్ రెండో వారం దాటాక మైదానం బురదవుతుంది, చేలల్లో సార్వా నాట్లు మొదలవుతాయి, ఆడుకునే ఖాళీ పొలం ఉండదు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు సుమారు పదహారు వారాలు చేతికి వస్తాయి. స్కూలు ఎంపికలు కొన్ని ఈ మధ్యలోనే పడతాయన్నది నిజం. వాటి తేదీలు తెలిసిన వెంటనే లెక్క వెనక్కి వేసుకోవాలి.

మొదటి నాలుగు వారాలు బౌలింగ్ అసలు వద్దు. అందులో మొదటి పది రోజులు పూర్తి విశ్రాంతి. తరువాత సైకిల్ తొక్కడం, తేలిక పరుగు, ఫీల్డింగ్ చేయవచ్చు. నాలుగు వారాలే ఎందుకు, మూడు నెలలు మానేస్తే ఇంకా మంచిది కదా అని మీరు అడగవచ్చు. కాదు. ఒత్తిడి లేని ఎముక బలం కోల్పోతుంది. మూడు నెలలు మంచం మీద పెట్టిన నడుమును అక్టోబరులో ఒక్కసారి మైదానంలోకి దింపడం, ఏడాదంతా బౌలింగ్ చేయించినంత ప్రమాదం. విశ్రాంతి కొంత, తిరిగి కట్టుకోవడం ఎక్కువ, ఇదీ పాళ్లు.

అయిదో వారం నుంచి బలం పెంచే పని వారానికి మూడు రోజులు సాగాలి. జిమ్ లేకపోయినా ఫరవాలేదు. మన తాలింఖానాల్లో పాతకాలం నుంచి ఉన్న దండీలు, బస్కీలు మంచి పునాది. వాటికి మూడు చేర్చాలి. ఒకటి, ఒంటికాలి మీద చేసే పని. బౌలర్ ఒక కాలి మీదనే వాలతాడు కాబట్టి, ఒక కాలితో మెట్టు ఎక్కి నెమ్మదిగా దిగడం, ఒక కాలి మీద నిలబడి ముందుకు వంగి లేవడం నేర్పాలి. రెండోది నడుము చుట్టూ ఉన్న కండరాల ఓర్పు. మోచేతుల మీద బోర్లా నిలిచే ప్లాంక్, పక్కకు తిరిగి నిలిచే ప్లాంక్ ఇందుకు సరిపోతాయి. నిలువుగా లేచి మళ్లీ పడుకునే పొట్ట వ్యాయామాలు వందలకొద్దీ చేయించే అలవాటు మన బడుల్లో ఉంది. అవి నడుమును పదే పదే వంచుతాయి, బౌలర్‌కు అవసరమైనది మెలిక పడినప్పుడు నడుమును నిలబెట్టే శక్తి. మూడోది దూకి వాలడం. చిన్న ఎత్తు నుంచి దూకి శబ్దం రాకుండా వాలమనండి. శబ్దం తగ్గిందంటే మోకాలు, తుంటి కలిసి దెబ్బను పంచుకుంటున్నాయని అర్థం. బరువు కావాలంటే పది, పదిహేను కిలోల బియ్యం సంచి గుండెకు హత్తుకొని బస్కీలు తీయవచ్చు, అయితే వంగే తీరు సరిగా వచ్చాకనే.

పరుగు గురించి ఒక్క మాట. చేపల చెరువు గట్ల మీద పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరుగెత్తించడం మన దగ్గర ఆనవాయితీ. దానివల్ల ఓర్పు వస్తుంది, కానీ బౌలర్ పని ఇరవై మీటర్ల వేగపు పరుగు, ఆపై నడిచి వెనక్కి రావడం, మళ్లీ పరుగు. వారానికి రెండు రోజులు ఇరవై, ముప్పై మీటర్ల పరుగులు, మధ్యలో నడకతో చేయించండి. వానకు గట్టు జారుతుంది, చీలమండ తిరుగుతుంది. తారురోడ్డు కంటే బడి ఆవరణలోని ఆరిన నేల మేలు.

అయిదు, ఆరు వారాల్లో నిలబడి, నడిచి వచ్చి కొద్ది బంతులు, కేవలం శైలి కోసం. తుంటి, భుజాలు ఒకే దిక్కుకు ఉన్నాయో లేదో సెల్‌ఫోన్‌లో వీడియో తీసి చూపడానికి ఇదే సమయం. సీజన్ మధ్యలో శైలి మార్చకూడదు. ఏడో వారం నుంచి పదహారో వారం వరకు అసలు బౌలింగ్ పెరుగుతుంది. పదహారేళ్ల పిల్లవాడికి నేను సూచించే వారపు లెక్క ఇది: 36, 48, 60, 60, 72, 84, 84, 96, 108, 120 బంతులు. వారానికి మూడు రోజులు, రెండు రోజులు వరుసగా రాకుండా. మొదటి మూడు వారాలు సగం వేగం, తరువాత ముప్పావు, చివరి నాలుగు వారాల్లోనే పూర్తి వేగం. అక్కడక్కడ అంకె పెరగకుండా ఆగింది గమనించారా? ఆ ఆగడం కూడా శిక్షణే. ఈ అంకెలు శాసనం కాదు. పదమూడేళ్లవాడికి ఇంకా తగ్గించాలి. ఒకే ఏడాదిలో ఎత్తు బాగా పెరిగినవాడికీ తగ్గించాలి.

11.6 లెక్క రాయడం

మ్యాచ్‌ల విషయంలో ఇంగ్లండ్ బోర్డు చాలాకాలం అమలుచేసిన పరిమితులు ఒక కొలమానంగా పనికివస్తాయి. పదిహేనేళ్లలోపు బౌలర్‌కు ఒక స్పెల్‌లో 6 ఓవర్లు, రోజుకు 12. పదిహేడేళ్లలోపు బౌలర్‌కు స్పెల్‌లో 7, రోజుకు 18. వారంలో నాలుగు రోజులకు మించి బౌలింగ్ ఉండకూడదు. మన ఊరి టోర్నమెంటులో ఒకే రోజు మూడు మ్యాచ్‌లు ఆడే పిల్లవాడికి ఈ పరిమితిని ఎవరు గుర్తుచేస్తారు?

మొత్తం ఎన్ని బంతులన్నది ఒక ఎత్తు, అవి ఎంత హఠాత్తుగా పెరిగాయన్నది మరో ఎత్తు. 28 మంది ఉన్నతస్థాయి ఫాస్ట్ బౌలర్ల మీద జరిగి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం, ఒక వారం వేసిన బంతులను నాలుగు వారాల సగటుతో పోల్చింది. ఆ వారం భారం సగటుకు రెట్టింపు దాటితే, తరువాతి వారంలో గాయమయ్యే అవకాశం మూడు రెట్లకు పైగా పెరిగిందని తేల్చింది. ఈ నిష్పత్తి లెక్కకట్టే పద్ధతిపై తరువాత గట్టి విమర్శలు వచ్చాయి, వాటిలో బలం ఉంది. కాబట్టి దానిని జ్యోతిషంలా వాడకండి. కానీ హఠాత్తుగా పెంచవద్దన్న హెచ్చరికకు అది తేలికైన గుర్తుగా నిలుస్తుంది.

ఇందుకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రూళ్ల నోటుపుస్తకం చాలు. తేదీ, నెట్‌లో ఎన్ని బంతులు, మ్యాచ్‌లో ఎన్ని, టెన్నిస్ బంతితో ఎన్ని, నడుము ఎలా ఉంది, అయిదు గడులు. పుస్తకం పిల్లవాడి దగ్గరే ఉండాలి. స్కూలు సారు తన బంతులే లెక్కపెడతారు, క్లబ్బు కోచ్ తన బంతులే లెక్కపెడతాడు, ఊరి పెద్దలు అసలు లెక్కపెట్టరు. ముగ్గురి లెక్కా కలిసేది ఆ పిల్లవాడి నడుములోనే.

11.7 తిండి, నొప్పి

ఎముక కట్టడానికి సరుకు కావాలి. ఎదిగే పిల్లలకు రోజుకు సుమారు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, కాబట్టి రాగి సంకటి, రాగి జావ మంచివి. పాలు, పెరుగు సరే. కొల్లేటి ప్రాంతంలో చేపలకు కొదవలేదు, కానీ ఒక తేడా ఉంది. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి ముక్కల నుంచి మాంసకృత్తులు వస్తాయి, ముళ్లు మాత్రం ఏరి పారేస్తాం. ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు, మెత్తళ్లు కాల్షియం కూడా ఇస్తాయి. వాటిని పేదల కూరగా చిన్నచూపు చూడనక్కర్లేదు.

తిండి చాలకపోవడం అమ్మాయిల విషయంలో మరింత జాగ్రత్తగా చూడాలి. ఆదోని నుంచి భారత జట్టుకు ఎదిగిన ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణిని చూసి బంతి పట్టే అమ్మాయిలు ఇప్పుడున్నారు. కఠిన శిక్షణలో తగినంత తినకపోతే నెలసరి ఆగిపోవచ్చు. అది ఎముక బలహీనపడుతోందనడానికి సంకేతం, వైద్యురాలికి చూపాలి. మగ శిక్షకుడు అడగడానికి ఇబ్బందిపడితే, అమ్మకో, అక్కకో ముందే చెప్పి ఉంచాలి.

నొప్పి విషయంలో నియమం సూటిగా ఉంటుంది. నడుములో ఒక పక్కనే నొప్పి, బౌలింగ్ చేస్తే పెరిగి మానేస్తే తగ్గడం, ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగితే పొడవడం, ఈ గుర్తులు ఉంటే ఆ రోజే బంతి ఆపించి ఎముకల వైద్యుడి దగ్గరకు పంపాలి. తొలి దశ పగులు ఎక్స్‌రేలో తరచుగా కనపడదు, ఎం.ఆర్.ఐ.లో కనపడుతుంది. ఆ దశలోనే పట్టుకుంటే సాధారణంగా కొన్ని నెలల విశ్రాంతితో అతుక్కుంటుంది. మాత్ర వేసుకొని ఆడించడం మాత్రం పగులును పూర్తిచేయడమే.

11.8 అభ్యాసం

పదహారేళ్ల ఒక బౌలర్ నోటుపుస్తకంలో ఆరు వారాల బంతులు వరుసగా ఇలా ఉన్నాయి: 48, 60, 72, 84, 0, 180. అయిదో వారం అతనికి జ్వరం. ఆరో వారంలో జిల్లా ఎంపికలు, ఆదివారం ఊళ్లో టెన్నిస్ బంతి ఫైనల్. ఆరో వారపు 180 బంతుల్లో 60 ఆ ఫైనల్‌కు ముందు రోజుల్లో "పోయిన ప్రాక్టీసు పూడ్చడానికి" వేసినవి.

అ) ఆరో వారం భారం, అంతకుముందు నాలుగు వారాల సగటుకు ఎన్ని రెట్లు?

ఆ) ఎంపికలు వాయిదా పడవు. మీరు అతని శిక్షకులైతే ఏ బంతులు తగ్గిస్తారు? ఏడో వారానికి ఏ అంకె రాస్తారు?

ఇ) ఫైనల్‌లో ఆడవద్దని ఆ పిల్లవాడికి, అతని జట్టు కెప్టెన్‌కు, తండ్రికి మీరు ఏమని చెబుతారు? ఒక్కొక్కరికి మూడు నాలుగు వాక్యాలు, వారికి అర్థమయ్యే మాటల్లో రాయండి.

సూచన: మొదటి ప్రశ్నకు జవాబు మూడు రెట్లు దాటాలి. మూడో ప్రశ్నే కష్టమైనది. ముందు దాన్ని ప్రయత్నించండి.